ఉన్ని దారం, కోడి ఈక: కృత్రిమ ఈగ కథ

ఒక చిన్న గాలం, జానెడు ఉన్ని దారం, కోడి మెడ మీది ఈక ఒకటి. ఈ మూడు వస్తువులతో ఒక 'పురుగు'ను తయారు చెయ్యవచ్చు. దానికి కళ్ళుండవు, రెక్కలుండవు, ప్రాణం అసలే ఉండదు. అయినా నీటిలో వేసి మెల్లగా లాగితే చేప దాన్ని నిజమైన పురుగే అనుకుని నోట కరుచుకుంటుంది. దీన్నే 'కృత్రిమ ఈగ' అంటారు. ఇంగ్లీషులో దీని పేరు కేవలం 'ఫ్లై'. అంటే ఈగ అన్నమాట.

మనవైపు గాలం వేసేవాళ్ళకు ఎర అంటే వానపాము, లేదా పిండి ముద్ద. తెలుగులో 'ఎర' అనే మాటకు వానపాము అనే అర్థం కూడా ఉండటం గమనించండి. నిజంగా తినదగిన వస్తువును గాలానికి గుచ్చడం ఒక పద్ధతి. తినదగినదిగా కనిపించే వస్తువును గాలానికి కట్టడం మరో పద్ధతి. రెండో పద్ధతికి కనీసం 1,800 ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో రోమను రచయితలున్నారు, కీటకశాస్త్రం ఉంది, న్యాయస్థానాలున్నాయి, జపాను చక్రవర్తి కూడా ఉన్నాడు. మన దక్షిణ భారతదేశపు అడవికోడి కూడా అందులో ఒక పాత్ర. ఆ కథ చదివాక ఒక ఈగను మీరే కట్టి చూడవచ్చు.

మాసిడోనియా నది ఒడ్డున

క్రీ.శ. 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమను రచయిత జంతువుల స్వభావాల గురించి గ్రీకు భాషలో ఒక పెద్ద గ్రంథం రాశాడు. తాను విన్న ఒక వింతను అందులో వర్ణించాడు. మాసిడోనియాలో బెరియా, థెస్సలొనీకా పట్టణాల మధ్య ఆస్ట్రేయస్ అనే నది ప్రవహిస్తుంది. అందులో ఒంటి నిండా చుక్కలున్న చేపలుంటాయి. నీటి మీద ఎగిరే ఒక రకం ఈగలు వాటికి ఇష్టమైన ఆహారం. ఈగ నీటిమీద వాలగానే చేప చడీచప్పుడు లేకుండా కిందినుంచి వచ్చి మింగేస్తుంది.

అక్కడి జాలరులు ఆ ఈగల్నే పట్టి ఎరగా వాడవచ్చు కదా అని మీరు అడగవచ్చు. కాని మనిషి చెయ్యి తగిలితే వాటి సహజమైన రంగు పోతుంది, రెక్కలు వాడిపోతాయి, చేపలు వాటిని ముట్టవు అంటాడు ఏలియన్. అందుకని జాలరులు ఉపాయం ఆలోచించారు. గాలానికి ఎర్రటి ఉన్ని చుట్టారు. కోడిపుంజు గొంతు కింద వేలాడే తోలు దగ్గర పెరిగే ఈకలు రెండింటిని దానికి బిగించారు. ఆరడుగుల కర్ర, అంతే పొడవైన తాడు. ఇంతే వాళ్ళ సరంజామా.

ఎర్ర ఉన్ని, కోడి ఈక - ఈ రెండు మాటల్ని గుర్తుపెట్టుకోండి. వ్యాసం చివర మళ్ళీ వీటి దగ్గరికే వస్తాం.

ఇలాంటి ఆలోచన ఒక్క చోటే పుట్టలేదు. జపాను కొండవాగుల్లో కూడా జాలరులు దారం, ఈకలతో 'కెబారి' అనే ఈగల్ని కట్టుకుని, పొడవైన కర్రకు నేరుగా తాడు కట్టి చేపలు పట్టేవారు. వాగులో చేప ఏం తింటుందో ఓపికగా చూసినవారికి ఎక్కడైనా ఈ ఉపాయం తట్టడం సహజమే కదా!

పుస్తకాలకెక్కిన ఈగలు

ఆ తర్వాత కథ ఇంగ్లండుకు మారుతుంది. 1496లో వెస్ట్‌మినిస్టర్‌లో వింకిన్ డి వర్డ్ అనే ముద్రాపకుడు వేట గురించిన ఒక పాత గ్రంథాన్ని మళ్ళీ అచ్చువేస్తూ, గాలంతో చేపలు పట్టడం గురించిన ఒక భాగాన్ని దానికి చేర్చాడు. జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని దాన్ని రాసిందని చాలాకాలం చెప్పుకున్నారు. కాని దానికి గట్టి ఆధారం లేదు. అందులో 12 రకాల ఈగల వివరాలున్నాయి. దేనికి ఏ రంగు ఉన్ని, ఏ పక్షి ఈక, ఏ నెలలో వాడాలి అన్నది కూడా ఉంది.

'ఏ నెలలో' అన్న మాటలో ఒక శాస్త్ర విషయం దాగి ఉంది. మేఫ్లై వంటి కీటకాలు జీవితంలో ఎక్కువ భాగం నీటి అడుగున డింభక దశలో గడుపుతాయి. రెక్కలు వచ్చి నీటి పైకి లేచేది ఏడాదిలో ఒక నిర్ణీత కాలంలోనే. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క కాలం. కీటకాల జీవితచక్రం అనే మాట పుట్టకముందే జాలరులు ఆ పంచాంగాన్ని గుర్తించారన్నమాట.

1653లో ఐజాక్ వాల్టన్ చేపల వేట మీద రాసిన పుస్తకం ఎంతో పేరు పొందింది. 1676లో వచ్చిన దాని అయిదో ముద్రణకు ఆయన మిత్రుడు ఛార్లెస్ కాటన్ ఈగల గురించి ఒక భాగం రాసి చేర్చాడు. 'పామర్' అనే ఈగ గురించి ఆ రోజుల్లోనే తెలుసు. పామర్ అంటే ఊరూరా తిరిగే యాత్రికుడు. ఒంటినిండా నూగున్న గొంగళిపురుగు ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది కనుక దానికీ ఆ పేరు పెట్టారు. ఉన్ని ఒంటి చుట్టూ కోడి ఈకను మెలికలుగా చుడితే ఆ నూగు వచ్చేస్తుంది. ఇప్పటికీ ఈకను అలా చుట్టడాన్ని పామర్ పద్ధతి అనే అంటారు.

నది ఒడ్డున ఒక ప్రయోగశాల

ఇంతవరకు ఇదంతా జాలరుల అనుభవజ్ఞానం. దానికి శాస్త్రరూపం ఇచ్చినవాడు ఆల్ఫ్రెడ్ రోనాల్డ్స్. ఆయన ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్‌లోని బ్లైత్ నది ఒడ్డున ఒక చిన్న గుడిసె కట్టించి, కిటికీల్లోంచి ట్రౌట్ చేపల్ని చూస్తూ కూర్చునేవాడు. ఆయన చేసిన రెండు ప్రయోగాలు ఈనాటికీ ముచ్చటగా ఉంటాయి.

మొదటిది: చేప తన ముందే ఈదుతుండగా ఒక మిత్రుణ్ణి వెనుకనుంచి తుపాకి పేల్చమన్నాడు. చేప ఉలిక్కిపడలేదు! దీనికి కారణం ఇప్పుడు మనకు తెలుసు. గాలిలో పుట్టిన ధ్వని నీటి ఉపరితలాన్ని తాకినప్పుడు దాని శక్తిలో దాదాపు అంతా వెనక్కి పరావర్తనం చెందుతుంది. సుమారు వెయ్యింట ఒక వంతు మాత్రమే నీటిలోకి వెళుతుంది. చేపకు చెవుడు లేదు. శబ్దమే దాని దాకా చేరలేదు. అదే ఒడ్డున మీరు బరువుగా అడుగు వేస్తే ఆ కంపనం నేల ద్వారా నీటికి చేరుతుంది, చేప పారిపోతుంది.

రెండోది: చచ్చిన ఈగల్ని ఒక గొట్టం ద్వారా ఊది నీటి మీద పడేట్టు చేశాడు. చేప తిన్నది. తర్వాత మిరపపొడి, ఆవపిండి పట్టించిన ఈగల్ని ఊదాడు. వాటినీ తిన్నది! ఈగను పట్టే ముందు చేప ఎక్కువగా కంటినే నమ్ముతుందని రోనాల్డ్స్ తేల్చాడు.

చేప కంటికి పైలోకం ఎలా కనిపిస్తుందో కూడా ఆయన వక్రీభవన సూత్రాల సాయంతో వివరించాడు. మీరు భౌతికశాస్త్రంలో చదివే ఉంటారు: నీటి అడుగునుంచి పైకి చూస్తే ఆకాశమంతా సుమారు 97 డిగ్రీల కోణం గల ఒక గుండ్రటి కిటికీలో ఇమిడి కనిపిస్తుంది. ఆ కిటికీ బయట నీటి ఉపరితలం అద్దంలా మెరుస్తుంది. పైన తేలే పురుగు చేపకు ఒక నల్లటి నీడలాగా, దాని కాళ్ళు నీటిపొర మీద చేసిన చిన్న చిన్న గుంటల్లాగా కనిపిస్తుంది.

రోనాల్డ్స్ పుస్తకం 1836లో వచ్చింది. ప్రతి కృత్రిమ ఈగ పక్కన అది అనుకరించే నిజమైన కీటకం బొమ్మ వేసి, శాస్త్రీయ నామం ఇచ్చాడు. ఈగలు కట్టడం అప్పటినుంచి కీటకశాస్త్రానికి చుట్టమైంది. 1886లో ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ నీటిపైన తేలే ఈగల గురించి పుస్తకం రాశాడు. 1910లో స్క్యూస్ అనే లండను న్యాయవాది, చేప తినే తిండిలో ఎక్కువ భాగం నీటి అడుగునే ఉంటుంది కనుక మునిగే ఈగలు కూడా కట్టాలని వాదించాడు. వీరి అనుచరుల మధ్య వాదోపవాదాలు దశాబ్దాలపాటు సాగాయి.

ఈకల మోజు

ఇదే కాలంలో ఈ కళ మరో దారి కూడా పట్టింది. అది సాల్మన్ చేపల దారి.

అట్లాంటిక్ సాల్మన్ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి తిరిగి వస్తుంది. అలా వచ్చిన చేప దాదాపుగా ఆహారం మానేస్తుంది. అది గాలాన్ని ఎందుకు కరుస్తుందన్నదానికి ఆకలి సమాధానం కాదు. మరి తిండే తినని చేపకు ఏ పురుగును అనుకరించి ఈగ కట్టాలి? ఏదీ అక్కర లేదు. కాబట్టి కట్టేవారి ఊహకు హద్దు లేకుండా పోయింది. చైనా బంగారు ఫెజంట్, దక్షిణ అమెరికా టూకన్, నీలి కోటింగా - ఇలా ఎక్కడెక్కడి పక్షుల ఈకలో ఒక్క గాలానికి చేరాయి. 1895లో జార్జ్ కెల్సన్ సాల్మన్ ఈగల మీద రాసిన పుస్తకం ఈ వేలంవెర్రికి పరాకాష్ఠ. ఆ రోజుల్లో 'ఇండియన్ క్రో' అనే ఎర్రటి ఈకకు మంచి గిరాకీ ఉండేది. నిజానికి ఆ పక్షి ఇండియాదీ కాదు, కాకీ కాదు. అది దక్షిణ అమెరికా అడవుల్లోని ఒక పండ్లు తినే పక్షి!

అయితే నిజంగా మన దేశంనుంచి వెళ్ళిన ఈక ఒకటుంది. అది బూడిదరంగు అడవికోడి మెడ ఈక. దీని శాస్త్రీయ నామం గాలస్ సొన్నెరాటీ. భారతదేశంలో, ముఖ్యంగా దక్షిణాది అడవుల్లో, తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించని పక్షి ఇది. పుంజు మెడమీది ఈకల చివర్లలో తెలుపు, పసుపు రంగుల్లో లక్క పూసినట్టు గట్టిగా మెరిసే చుక్కలుంటాయి. ఆ చుక్కను గాలానికి ఇరుపక్కలా కడితే అచ్చం కన్నులా కనిపిస్తుంది. అందుకే బ్రిటిషు వారికి అదంటే అంత మోజు.

ఈ పక్షికి మరో ప్రాముఖ్యం ఉంది. మన పెరటి కోళ్ళు ప్రధానంగా ఎర్ర అడవికోడి సంతతి. అయితే చాలా జాతుల కోళ్ళలో కనిపించే పసుపు రంగు చర్మానికి కారణమైన జన్యువు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చినట్టు 2008లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. గాలానికి కట్టే కన్ను కోసం పోగొట్టుకోదగిన పక్షి కాదది.

పక్షుల్ని చంపించినవి గాలాలు మాత్రమే కాదన్నది నిజం. అంతకంటే ఎన్నో రెట్లు ఈకలు యూరప్, అమెరికా స్త్రీల టోపీలకు పోయాయి. దీనికి వ్యతిరేకంగా 1889లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఎమిలీ విలియమ్సన్ ఒక పక్షి సంరక్షణ సంఘాన్ని స్థాపించారు. 1902లో భారత ప్రభుత్వం అడవిపక్షుల చర్మాలు, ఈకల ఎగుమతిని నిషేధించింది. 1921లో బ్రిటన్ దిగుమతిని నిషేధిస్తూ చట్టం చేసింది. స్వతంత్ర భారతంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవికోడికి రక్షణ కల్పించింది.

మ్యూజియంలో దొంగతనం

చట్టాలు వచ్చాయి కదా, కథ ముగిసిందనుకుంటున్నారా? లేదు. 2009 జూన్‌లో ఇంగ్లండులోని ట్రింగ్ అనే ఊళ్ళో ఉన్న ప్రకృతిశాస్త్ర మ్యూజియంలోకి ఒక రాత్రి ఒక యువకుడు కిటికీ గుండా ప్రవేశించాడు. అతను లండనులో సంగీతం చదువుకుంటున్న విద్యార్థి, విక్టోరియా కాలపు సాల్మన్ ఈగలు కట్టడంలో దిట్ట. 299 పక్షి చర్మాల్ని అతను ఎత్తుకుపోయాడు. ఆ ఈకల్ని తోటి అభిరుచిగలవారికి అమ్మాడు. మరుసటి సంవత్సరం పట్టుబడ్డాడు. కొన్ని చర్మాలు తిరిగి దొరికాయి. కాని చాలావాటికి కట్టిన చీటీలు పోయాయి.

'చీటీ పోతే ఏమైంది, చర్మం ఉంది కదా!' అనుకోవద్దు. ఆ చీటీ మీద పక్షిని ఎక్కడ, ఏ తేదీన, ఎవరు సేకరించారో ఉంటుంది. డార్విన్‌తోపాటు ప్రకృతివరణ సిద్ధాంతాన్ని 1858లో లోకానికి తెలిపిన ఆల్ఫ్రెడ్ వాలేస్ స్వయంగా సేకరించినవి కూడా దొంగిలించినవాటిలో ఉన్నాయి. అటువంటి పాత ఈకల్లోని పాదరసాన్ని కొలిచి, ఇప్పటి ఈకలతో పోల్చి, ఉత్తర అట్లాంటిక్ సముద్రపక్షుల శరీరంలో పాదరసం కాలక్రమంలో ఎలా పెరిగిందో శాస్త్రజ్ఞులు తెలుసుకున్నారు. తేదీ, స్థలం తెలియని ఈక ఇటువంటి ప్రశ్నలకు జవాబు చెప్పలేదు. అప్పుడది వట్టి అలంకారమే.

ఆ ఈగలు కట్టేవారిలో చాలామంది వాటిని నీటిలో వెయ్యరు కూడా. అద్దాల పెట్టెలో పెట్టి చూసుకుంటారు. అంటే ఆ ఈగ చేప కంటికోసం కట్టింది కాదు, మనిషి కంటికోసం కట్టింది.

పెనంలో పట్టే చేప

ఇప్పుడు అట్లాంటిక్ దాటి అమెరికాకు వెళదాం. అక్కడ 'పాన్‌ఫిష్' అనే మాట ఒకటుంది. అది ఒక జాతి పేరు కాదు. వంట పెనంలో పట్టేంత చిన్న చేప ఏదైనా పాన్‌ఫిషే. బ్లూగిల్, గుమ్మడిగింజ ఆకారంలో ఉండే పంప్‌కిన్‌సీడ్, క్రాపీ, పసుపు పెర్చ్ - ఇవన్నీ ఆ కోవలోవే.

వీటిలో బ్లూగిల్ ముఖ్యమైనది. బ్లూగిల్ అంటే నీలిమొప్ప అని అర్థం. దీని శాస్త్రీయ నామం లెపోమిస్ మాక్రోకైరస్. 1819లో రాఫినెస్క్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఒహాయో నది చేపల్ని పరిశీలించి దీనికి ఆ పేరు పెట్టాడు. మామూలుగా జానెడు పొడవుంటుంది. ఇంతవరకు గాలానికి చిక్కిన బ్లూగిల్స్‌లో అతి పెద్దది 1950లో అలబామా రాష్ట్రంలో దొరికింది. దాని బరువు 4 పౌండ్ల 12 ఔన్సులు, అంటే రెండు కిలోలకు కాస్త ఎక్కువ.

1930ల నుంచి అలబామాలోని ఆబర్న్‌లో హోమర్ స్వింగిల్ అనే శాస్త్రజ్ఞుడు పొలాల్లోని చెరువుల మీద ప్రయోగాలు చేశాడు. పురుగుల్ని తినే బ్లూగిల్‌ను, బ్లూగిల్ పిల్లల్ని తినే బాస్ చేపను కలిపి పెంచితే చెరువులో సమతుల్యం ఏర్పడుతుందని చూపించాడు. నేల కోత నివారణ కోసం అమెరికా రైతులు తవ్వుకున్న లెక్కలేనన్ని చెరువుల్లోకి ఈ జంట చేరింది. దాంతో ఊరి పిల్లలకు నడిచివెళ్ళే దూరంలోనే చేపలు దొరికాయి. సాల్మన్ నదులు జమీందార్లవి. బ్లూగిల్ చెరువు అందరిదీ.

ఈ చేపలకోసం కట్టే ఈగలు కూడా చెరువులాగే నిరాడంబరమైనవి. 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో టెనెసీ రాష్ట్రానికి చెందిన ఎర్నెస్ట్ పెకిన్‌పా బెండు ముక్కతో తేలే ఈగ చేశాడు. అది నీటిమీద 'టప్' మని చప్పుడు చేస్తుంది. పాత పామర్ ఈగ 'ఊలీ వర్మ్' అనే పేరుతో, అంటే 'ఉన్ని పురుగు'గా, అమెరికా అంతటా వ్యాపించింది. ఈగలు కట్టడం నేర్చుకునే పిల్లలకు తరచు నేర్పే తొలి ఈగల్లో అదొకటి. అమెరికాలో మీ బంధువుల పిల్లలెవరైనా ఉంటే, తమ ఇంటి దగ్గరి చెరువులో బ్లూగిల్‌ని చూశారేమో ఉత్తరంలో అడగండి.

చేప ఏం చూస్తుంది?

ఇంత మోటు పురుగును చూసి బ్లూగిల్ ఎలా మోసపోతుంది? దీనికి జవాబు చెప్పడానికి తోడ్పడే ప్రయోగం ఒకటి 1974లో వెలువడింది. అమెరికా శాస్త్రజ్ఞులు ఎర్ల్ వెర్నర్, డొనాల్డ్ హాల్ ఒక తొట్టిలో బ్లూగిల్స్‌ని ఉంచి, చిన్నా పెద్దా నీటి ఈగల్ని, అంటే డాఫ్నియాలను వదిలారు. ఆహారం అరుదుగా ఉన్నప్పుడు చేపలు చిన్నా పెద్దా తేడా లేకుండా కనిపించినదాన్నల్లా తిన్నాయి. ఆహారం సమృద్ధిగా ఉన్నప్పుడు చిన్నవాటిని వదిలేసి పెద్దవాటినే ఏరుకున్నాయి.

దీన్నిబట్టి బ్లూగిల్‌కు పరిమాణం ముఖ్యమని తెలుస్తుంది. పట్టడానికి పడే శ్రమకు తగిన తిండి వస్తుందా అన్నదే దాని లెక్క. అయితే దాని నోరు చిన్నది. అది నోరు చటుక్కున తెరిచి నీటితోపాటు పురుగును లోపలికి పీల్చుకుంటుంది. నోట్లో పట్టనిది ఎంత అందంగా ఉన్నా ఉపయోగం లేదు. కాబట్టి నోట పట్టే పరిమాణం, పురుగులాంటి ఆకారం, బతికి ఉన్నట్టు కదలిక - ఈ మూడూ ఉంటే చాలు. నీటిలో మెత్తటి ఈకపోగులు తెరుచుకుంటూ ముడుచుకుంటూ కదలికను ఇస్తాయి. అడవికోడి కన్ను, టూకన్ పసుపు బ్లూగిల్‌కు అక్కర లేదు.

మీరే కట్టి చూడండి

కావలసినవి: 8 లేక 10 నంబరు గాలం, నల్ల కుట్టుదారం, ఎర్ర ఉన్ని దారం జానెడు, కోడిమెడ ఈక ఒకటి, కత్తెర, గోళ్ళరంగు. కోడిమాంసం అమ్మే దుకాణంలో అడిగితే ఈకలు ఊరికే ఇస్తారు. సబ్బునీటితో బాగా కడిగి ఎండబెట్టండి. తర్వాత చేతులు కూడా సబ్బుతో కడుక్కోండి.

1. ముందుగా గాలం కొనకు ఉన్న ఎదురుముల్లును పట్టకారుతో నొక్కి అణచండి. అప్పుడు పొరపాటున వేలికి గుచ్చుకున్నా సులువుగా బయటికి వస్తుంది. చేప నోటికి కూడా గాయం తక్కువ. ఈ పని పెద్దల సాయంతో చెయ్యండి.

2. గాలం వంపును పట్టకారు నోట్లో పెట్టి, పట్టకారు పిడుల చుట్టూ రబ్బరు బ్యాండు బిగించండి. అది గాలాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది.

3. గాలం కాడమీద, తాడు కట్టే రంధ్రం దగ్గర్నుంచి వంపు దాకా కుట్టుదారం దగ్గర దగ్గరగా చుట్టండి. మొదటి చుట్ల మీదుగా తర్వాతి చుట్లు వేస్తే దారం జారదు.

4. వంపు దగ్గర ఈక కొనను, ఉన్ని దారం ఒక చివరను కుట్టుదారంతో బిగించండి. కుట్టుదారాన్ని తిరిగి రంధ్రం వైపు తీసుకురండి.

5. ఉన్నిని కాడ చుట్టూ ముందుకు చుట్టుకుంటూ వచ్చి, రంధ్రానికి 2-3 మిల్లీమీటర్ల ముందే ఆపి, కుట్టుదారంతో కట్టి, మిగిలింది కత్తిరించండి. కొత్తవాళ్ళు సాధారణంగా రంధ్రం దాకా చుట్టేస్తారు. అప్పుడు ముడి వెయ్యడానికి చోటుండదు.

6. ఇప్పుడు ఈకను ఉన్ని మీదుగా నాలుగైదు మెలికలు ఎడంగా చుట్టండి. దాన్నీ కట్టి, మిగిలిన కాడ కత్తిరించండి.

7. కుట్టుదారంతో నాలుగు ముళ్ళు వేసి, ముడిమీద గోళ్ళరంగు ఒక చుక్క పెట్టి ఆరనివ్వండి.

పుంజు ఈక పోగులు బిరుసుగా ఉంటాయి, నీటిపొరమీద నిలబడతాయి. పెట్ట ఈక పోగులు మెత్తగా ఉండి నీటిని పీల్చి మునుగుతాయి. రెండింటితోనూ కట్టి, గ్లాసు నీళ్ళలో వేసి తేడా చూడండి. తేలే పురుగు కావాలంటే ఉన్నికి బదులు అరిగిపోయిన హవాయి చెప్పు స్పాంజి ముక్కను వాడండి.

చేపల్ని పట్టకుండానే మరో పరిశీలన చెయ్యవచ్చు. గాలం లేకుండా వట్టి దారానికి చిన్నా పెద్దా ఉన్ని ముక్కల్ని కట్టి, చేపలున్న తొట్టిలో నీటి మీద మెల్లగా కదిలించండి. చేపలు వేటివైపు ఎన్నిసార్లు వచ్చాయో నోటుపుస్తకంలో రాసుకోండి. అవి మింగకముందే దారం లాగెయ్యండి. ఒకసారి రంగు, మరోసారి పరిమాణం, ఇంకోసారి కదలిక మార్చండి. ఒకేసారి రెండింటిని మార్చవద్దు. ఎందుకో మీకు తెలుసు.

చెరువు దాటిన చేప

బ్లూగిల్ కథలో ఇంకో అధ్యాయం మిగిలింది. 1960లో అమెరికా పర్యటనకు వెళ్ళిన జపాను యువరాజు అకిహిటోకు షికాగో నగర మేయరు కొన్ని బ్లూగిల్స్‌ని బహుమతిగా ఇచ్చాడు. యువరాజు స్వయంగా చేపల శాస్త్రజ్ఞుడు. ప్రజలకు మంచి ఆహారం అవుతుందనే ఉద్దేశంతో వాటిని పరిశోధన సంస్థకు అప్పగించాడు. వాటి సంతతి సరస్సుల్లోకి చేరింది. జపానులో అతి పెద్దదైన బివా సరస్సులో అక్కడి సహజ జాతుల చేపలకు నష్టం కలిగించేంతగా పెరిగిపోయింది. 1989 నుంచి 2019 వరకు చక్రవర్తిగా ఉన్న ఆయన 2007లో ఆ సరస్సు ప్రాంతంలో జరిగిన ఒక సభలో, ఇలా జరగడం తన మనసును బాధిస్తోందని బహిరంగంగా చెప్పారు. 2005 నుంచి జపానులో బ్లూగిల్‌ను తెచ్చి వదలడం, పెంచడం చట్టవిరుద్ధం.

తన చెరువులో ఎంతో మేలు చేసే చేప పరాయి సరస్సులో బెడద అయింది. అడవిలో ఉండవలసిన ఈక గాలం మీదికి, మ్యూజియంలో ఉండవలసిన ఈక సంతలోకి వెళ్ళినా జరిగింది నష్టమే. తొట్టిలో పెంచుకునే విదేశీ చేపల మీద విసుగు పుట్టి మన వాగులో వదిలేవారు ఈ సంగతి ఆలోచించాలి.

మాసిడోనియా జాలరులు ఎర్ర ఉన్ని, కోడి ఈక వాడారు. మీరు కట్టిన పురుగులో కూడా ఉన్నవి అవే. మధ్యలో ఎన్నో ఖండాల పక్షులు ఈ కళకు బలి అయ్యాయి గాని, చేప మాత్రం అప్పుడూ ఇప్పుడూ వాటిని అడగలేదు. మీ ఊరి చెరువు గట్టున ఒక సాయంత్రం కూర్చుని, నీటిమీద ఏ పురుగులు వాలుతున్నాయో, చేపలు వేటికోసం పైకి వస్తున్నాయో, ఏ నెలలో ఏవి కనిపిస్తున్నాయో రాయడం మొదలుపెట్టండి. రోనాల్డ్స్ తన గుడిసెలో చేసిన పని అదే.